కామాయా, పూర్ణవిరామమా? మెదడు చిత్రములకు సీసపు జల్లెడ చేయు మేలు

అబిడ్స్, నాంపల్లి, చాపెల్ రోడ్డు, గన్‌ఫౌండ్రీ ప్రాంతములనుండి మా పాఠశాలకు వచ్చు పిల్లల యిండ్లలో పెద్దవారి కెవరికైన చేతులు వణకుటయో, ఒక బిడ్డకు మూర్ఛ వచ్చుటయో తటస్థించినపుడు, వైద్యులు కొందరిని అణువైద్య శాఖకు పంపి మెదడు చిత్రము తీయించుచున్నారు. పంజాగుట్టలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో, అనగా మనమందరము నిమ్స్ అని పిలుచు ఆసుపత్రిలో, అట్టి శాఖ కలదు. పరీక్ష ముగిసి యింటికి వచ్చిన తలిదండ్రులు ఆ ఫిల్మును కిటికీ వెలుతురునకు పట్టి మమ్ము అడుగు ప్రశ్న తరచుగా ఒక్కటే. "ఎమ్మారై చిత్రములో మెదడు ముడుతలన్నియు గీత గీచినట్లు కనబడినవి గదా మాస్టారూ, ఇందులో మబ్బు క్రమ్మినట్లున్నదేమి? యంత్రము పాతదై యుండునా?"

యంత్రము క్రొత్తదైనను ఆ మబ్బు కొంత యుండియే తీరును. దానికి కారణమైనదియు, దానిని తగ్గింపగలదియు ఒక్క వస్తువే. అది కెమెరా ముఖమునకు తగిలించు సీసపుపలక. దానికి కొలిమేటరని పేరు. ఆ పలకలో సన్నని రంధ్రములు లక్షకు పైగా నుండును. తేనెపట్టును సీసముతో పోతపోసినట్లు తోచును. దాని పని యేమో, దానిని మార్చుటవలన మెదడు చిత్రము తేటపడుట యెట్లో విద్యార్థులకును తలిదండ్రులకును తెలియునట్లు చెప్పుటకు పూనుకొంటిమి. నడుమ కొన్ని లెక్కలు వచ్చును గాని, పదవ తరగతి విద్యార్థి చేయలేనివి యేవియు లేవు.

ముందుగా చిత్రము పుట్టు విధమును తెలిసికొనవలెను. ఎక్సురే తీయునపుడు కిరణములు బయటినుండి వచ్చి దేహమును దాటిపోవును. అణువైద్యమున దేహమే దీపమగును. రోగి రక్తనాళములోనికి స్వల్పముగా ఒక మందు ఎక్కింతురు. ఆ మందునకు కిరణము లిచ్చు పరమాణువొకటి తగిలించి యుందురు. మందు ఎచ్చట చేరునో అచ్చటినుండి గామా కిరణములు వెలువడును; కెమెరా వానిని పట్టుకొనును. ఎముక యెట్లున్నది, కండ యెట్లున్నది అని చెప్పుట దీని పని కాదు. రక్త మెచ్చట పారుచున్నది, నరముల కొనలు ఎచ్చట సజీవముగా నున్నవి అనునదియే ఇందు తెలియును. అందుచేత ఎమ్మారై చేయలేని పనిని ఇది చేయును. ఎమ్మారై చిత్రము పక్కన పెట్టి దీనిని నిందించుట న్యాయము కాదు.

ఆ పరమాణువు తరచుగా టెక్నీషియం-99ఎమ్. మెండలీవు పట్టికలో 43వ గది చాల కాలము ఖాళీగా నుండెను. 1937లో ఇటలీ దేశపు పలెర్మో నగరమున కార్లో పెరియర్, ఎమీలియో సెగ్రే అనువారు, అమెరికాలోని సైక్లోట్రాను యంత్రమున దెబ్బతిన్న మాలిబ్డినము రేకును శోధించి ఆ గదికి చెందిన మూలకమును కనుగొనిరి. వైద్యమునకు పనికివచ్చు దాని రూపము ఆరు గంటలలో సగమై పోవును. కాబట్టి నిలువచేసికొనుట సాధ్యము కాదు. 66 గంటలలో సగమగు మాలిబ్డినమును సీసపుపాత్రలో ఆసుపత్రికి తెప్పించుకొని, దానినుండి పుట్టుచున్న టెక్నీషియమును ప్రతి ఉదయము ఉప్పునీటితో కడిగి తీసికొందురు. ఆ పాత్రను ఆంగ్లేయ దేశములలోని పనివారు "ఆవు" అనియు, ఆ పనిని "పాలు పితుకుట" అనియు పిలుచుట కలదు. మనకు ఈ మాట వేరుగా వివరింప నక్కరలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. వెలుతురు నైన అద్దపు కటకముతో వంచి బొమ్మను దించవచ్చును. మన కంటిలోను, చేతి ఫోనులోను ఆ కటకమే పనిచేయుచున్నది. గామా కిరణము అద్దమునకు వంగదు. కెమెరాను తల యెదుట ఊరక నిలిపినచో మెదడులోని ప్రతి బిందువునుండి వచ్చు కిరణములు కెమెరా ముఖమంతట పడి, ఎచ్చటినుండి వచ్చినవో తెలియక, అంతయు ఒకే తెల్లదనముగా నుండును. వంచుటకు వీలులేని కిరణములను ఏరుకొనుట యొక్కటే మార్గము. నేరుగా వచ్చు కిరణమును రానిచ్చి, ఏటవాలుగా వచ్చుదానిని సీసపుగోడకు తాకించి ఆపివేయుటయే కొలిమేటరు చేయు పని.

దీనిని బడిలోనే చూడవచ్చును. చెరకురసము బండివద్ద దొరకు కాగితపు స్ట్రాలు, 6 మిల్లీమీటర్ల వెడల్పు గలవి, ఒక రెండు వందలు తెచ్చి 10 సెంటీమీటర్ల పొడవునకు కత్తిరించి కట్టగా కట్టవలెను. లోపలి వైపు నల్లగా నున్నచో మేలు. కట్టకు వెనుక బటరు పేపరు అంటించి, గదిని చీకటి చేసి, ముందు రెండు చిన్న దీపములను రెండు సెంటీమీటర్ల యెడముతో పెట్టవలెను. దీపములు కట్టకు 10 సెంటీమీటర్ల దూరమున నున్నపుడు కాగితముమీద రెండు మచ్చలు వేరువేరుగా కనబడును. 30 సెంటీమీటర్లకు జరిపినచో రెండును కలిసి ఒక్క మచ్చయగును. స్ట్రాల కట్టను తీసివేసినచో మచ్చయే లేదు. కాగితమంతయు సమముగా వెలుగును.

లెక్క ఇట్లున్నది. రంధ్రపు పొడవునకు దీపము దూరమును కలిపి, రంధ్రపు వెడల్పుతో హెచ్చించి, రంధ్రపు పొడవుతో భాగించినచో మచ్చ వెడల్పు వచ్చును. మన స్ట్రాలకు 10 సెంటీమీటర్ల దూరమున 12 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల దూరమున 24. దీపముల యెడము 20 మిల్లీమీటర్లే గనుక మొదటిసారి విడిపోయినవి, రెండవసారి కలిసిపోయినవి. కొలిమేటరు శాస్త్రమంతయు ఈ చిన్న భాగహారములో నున్నదని చెప్పినను అతిశయోక్తి కాదు.

ఇందులో మరియొక వింత కలదు. దీపమును దూరము జరిపినపుడు మచ్చ వెడల్పగును గాని, మచ్చలోని మొత్తము వెలుతురు తగ్గదు. ఒక్కొక్క గొట్టములోనికి వచ్చు వెలుతురు దూరపు వర్గము ననుసరించి తగ్గును. కాని వెలుతురు పొందు గొట్టముల సంఖ్య అదే లెక్కన పెరుగును. ఒకటి పోగొట్టినదానిని మరియొకటి పూరించును. కనుక గొట్టములు సమాంతరముగా నున్నంతవరకు, దగ్గరకు జరుగుటవలన వెలుతురు లాభము లేదు. తేటదనము లాభము మాత్రము మిక్కిలి కలదు. ఈ మాట వినినంతనే నమ్మువారు తక్కువ. నమ్మనివారు మచ్చలోని గొట్టములను లెక్కించి చూచుకొనవచ్చును.

ఇక నిజమైన పలకకు వత్తము. రంధ్రము 1.2 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల పొడవు గలదనుకొందము. మెదడులోని యొక చుక్క పలకనుండి 12 సెంటీమీటర్ల లోతున నున్నచో దాని మచ్చ 7.2 మిల్లీమీటర్లు. కెమెరా స్ఫటికమునకు తనదైన మబ్బు 3.5 మిల్లీమీటర్ల వరకు ఉండును. ఈ రెంటిని ఊరక కూడరాదు. లంబకోణ త్రిభుజపు రెండు భుజములుగా నెంచి కర్ణమును కనుగొనవలెను. 7.2 వర్గమునకు 3.5 వర్గమును కలిపి వర్గమూలము తీసినచో 8 మిల్లీమీటర్లు వచ్చును. మెదడు పైపొర మందము రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్లే. రెండు మిల్లీమీటర్ల కొనగల కలముతో గీచిన గీతను ఎనిమిది మిల్లీమీటర్ల కుంచెతో అలికినట్లు! తలిదండ్రులు చూచిన మబ్బు ఇదియే.

రంధ్రములను ఇంకను సన్నము చేయరాదా యని విద్యార్థి అడుగును. చేయవచ్చును. కాని రోగి చెల్లింపవలసిన మూల్యము కలదు. పైన చెప్పిన పలకలో రంధ్రముల నడుమ గోడ 0.2 మిల్లీమీటర్లనుకొన్నచో, మెదడునుండి వెలువడు కిరణములలో సుమారు 8,000కు ఒక్కటి మాత్రమే రంధ్రము దాటి స్ఫటికమును చేరును. తక్కినవన్నియు వృథా. రంధ్రపు వెడల్పును సగము చేసి గోడను అట్లే యుంచినచో ఆ యొక్కటి కూడ అయిదవ వంతునకు దిగిపోవును. కిరణములు తక్కువయైనచో చిత్రము గరుకుబారును. ఏలయనగా ఈ కిరణములు వానచినుకులవలె తమ యిచ్చవచ్చినట్లు వచ్చునవి. ఒక గడిలో 100 పడినచో అటు ఇటు 10 తేడా సహజము, అనగా నూటికి పది. 10,000 పడినచో తేడా 100, అనగా నూటికి ఒకటి. రంధ్రము సన్నమైనకొలది రేఖ తేటపడును, ఇసుక చల్లినట్లు గరుకును పెరుగును. ఆ గరుకును పోగొట్టుటకు మందు హెచ్చుగా ఎక్కింపవలెను, లేదా రోగిని హెచ్చుసేపు పండుకొనబెట్టవలెను.

ఇవి రెండును చిన్న విషయములు కావు. మెదడు రక్తప్రసారమును జూపు పరీక్షలో పెద్దవారికి సుమారు 7 మిల్లీసీవర్టుల కిరణములు తగులును. భూమినుండియు ఆకాశమునుండియు మనకందరకు సహజముగా తగులునది లోకమంతటి సగటున సంవత్సరమునకు 2.4. అనగా ఒక పరీక్ష సుమారు మూడేండ్ల సహజ కిరణములతో సమానము. భయపడవలసినంత కాదు గాని, పసిబిడ్డకు ఎంత తగ్గింపగలమో అంత తగ్గింపవలసినదే. మేలైన కొలిమేటరు దొరకినచో అంతే తేటదనమునకు తక్కువ మందు చాలును. కాలము సంగతి వేరొకటి. చేతులును తలయు వణకు వృద్ధుడు అరగంటసేపు కదలక పండుకొనుట ఎంత కష్టమో ఆయన యింటివారికి తెలియును. తల కొంచెము కదలినను, లక్షలు పోసి కొన్న పలక యిచ్చిన తేటదనమంతయు నీటిపాలగును.

ఈ తేటదనముమీద ఆధారపడినదేమో ఒక ఉదాహరణము చెప్పెదము. చేయి వణకువా రందరికి పార్కిన్సన్ వ్యాధి కాదు. వంశములలో వచ్చు సాధారణపు వణకు వేరు. దాని చికిత్స వేరు, దాని భవిష్యత్తు వేరు. వైద్యుడు చేతితో పరీక్షించి నిర్ణయింపలేనపుడు ట్రోడాట్ అను మందుతో చిత్రము తీయింతురు. ఈ మందు మెదడు నడుమ, డోపమైను అను రసమును మోయు నరముల కొనలకు అంటుకొనును. ఆరోగ్యముగా నున్నచో కుడియెడమల రెండు కామాలవలె వెలుగు కనబడును. పార్కిన్సన్ వ్యాధియందు ముందుగా కామా తోక ఆరిపోయి గుండ్రని తల మాత్రము మిగులును; అనగా కామా పూర్ణవిరామముగా మారును. ఆ కామా యంతయు బొటనవ్రేలి పొడవును మించదు. ఇప్పుడు ఆలోచింపుడు. మబ్బు 8 మిల్లీమీటర్లున్నచో తోకను తలనుండి వేరుగా గుర్తింపవచ్చును. 14 మిల్లీమీటర్లున్నచో, తల ప్రక్కకు వాలియుండగా తీసినచో, లేక నడుమ కదలినచో, మంచి కామాయే పూర్ణవిరామమువలె కనబడు ప్రమాదము కలదు. వ్రాతలో విరామచిహ్నము తప్పినచో అర్థము మారునని మేము తరగతిలో చెప్పుచుందుము. ఇచ్చట ఒక గృహస్థుని బ్రదుకే దానిని బట్టి యున్నది. వైద్యులు చిత్రమొక్కటే చూచి తీర్పు చెప్పరు, నిజమే. ఐనను సందేహములో నున్నపుడే గదా చిత్రము నడుగుదురు.

మూర్ఛరోగుల విషయమున పందెము ఇంకను పెద్దది. మందులకు లొంగని మూర్ఛయందు, అది పుట్టు చోటు తెలిసినచో కొందరికి శస్త్రచికిత్సచే నయము చేయవచ్చును. మూర్ఛ వచ్చిన క్షణమున ఆ చోటికి రక్తము హెచ్చుగా పారును. ప్రక్కన కనిపెట్టుకొని యున్న నర్సు, వీలైనచో అరనిమిషము లోపల, మందు ఎక్కించును. ఆ మందు ఒకటి రెండు నిమిషములలో మెదడులో చేరి, అచ్చటనే చిక్కుకొని యుండిపోవును. బిడ్డ తేరుకొని శాంతించిన పిమ్మట కెమెరా క్రిందికి తీసికొనిపోయినను, చిత్రమున మూర్ఛ క్షణపు రక్తప్రసారమే కనబడును! గడచిపోయిన నిమిషమును తీరికగా ఫొటో తీయు సాధనము దీనికంటె వేరొకటి మా యెరుకలో లేదు. మూర్ఛను దాచిపెట్టి, తాళపుచెవి చేతిలో పెట్టి సరిపుచ్చుకొను గృహములు మన పట్టణమున నేటికిని కలవు. అట్టివారు ఈ పేరాను రెండుమారులు చదువవలెనని మా మనవి.

మెదడు చిత్రమునకు తగిన పలకను రూపొందించుటలో పెద్ద ఆటంకము శాస్త్రములో లేదు, మనిషి భుజములలో నున్నది. 1958లో అమెరికాలో హాల్ యాంగర్ తన కెమెరాను ప్రకటించెను. దానికి తొలుత వాడినది సూదిబెజ్జపు కొలిమేటరే. 1963లో డేవిడ్ కూల్, రాయ్ ఎడ్వర్డ్సు అనువారు చుట్టునుండి తీసిన కొలతలను కలిపి లోపలి పొరలను చూపు పద్ధతిని వెలువరించిరి. నేడు స్పెక్ట్ అను పరీక్షలో కెమెరా తల చుట్టు తిరుగుచు అనేక దిశలనుండి చిత్రములు తీయును. గణనయంత్రము వానిని కలిపి కోతలుగా చూపును. కెమెరా ముఖము పెద్దది, సుమారు 50 సెంటీమీటర్ల వెడల్పుది. తలకు దగ్గరగా తిరుగబోయినచో దాని క్రిందియంచు భుజమునకు తగులును. అందుచేత దానిని దూరము జరుపుదురు. 12 సెంటీమీటర్లు 24 అయినచో పైన చేసిన లెక్క ప్రకారము 8 మిల్లీమీటర్ల మబ్బు 13.7 అగును. పలక అదే, కెమెరా అదే; భుజము అడ్డమైనందున కామా పూర్ణవిరామము కాజొచ్చును. యంత్రములు అమ్మువారి పత్రములలో తేటదనపు సంఖ్యను సామాన్యముగా 10 సెంటీమీటర్ల దూరమున కొలిచి వ్రాయుదురు. ఆ సంఖ్యను చూచి మురియుటకంటె, "తల కెంత దూరమున తిప్పితిరి?" అని అడుగుట తెలివియని మా అభిప్రాయము.

భుజమును తప్పించుకొనుటకు పన్నిన ఉపాయములలో మొదటిది రంధ్రములను ఏటవాలుగా చేయుట. కెమెరా వాలినను రంధ్రములు తలవైపు తిన్నగా చూచును. రెండవది విసనకర్ర పలక. 1970లలో రోనాల్డ్ జషాక్ మొదలగువారు దీనికి రూపమిచ్చిరి. సమాంతరమగు పలకతో తల బొమ్మ కెమెరా నడుమ 15 సెంటీమీటర్ల మేరను మాత్రము ఆక్రమించును. తక్కిన స్ఫటికము ఖాళీగా పడియుండును. ఇంత స్ఫటికమును పెట్టుకొని వాడకుండుట ధాన్యమున్న గాదెకు తాళమువేసి పస్తుండుట వంటిది. అందుచేత ఒక్కొక్క వరుసలోని రంధ్రములను విసనకర్ర ఆకులవలె వంచి, తలకు ఆవలివైపున ఒకే గీతను చూచునట్లు చేసిరి. ఆ గీత పలకకు 40 సెంటీమీటర్ల దూరమున నున్నచో, 12 సెంటీమీటర్ల దూరమందలి చుక్క బొమ్మ ఒకటిన్నర రెట్లు పెద్దదై స్ఫటికముపై పడును. బొమ్మ పెద్దదైనందున స్ఫటికపు స్వంత మబ్బు, 3.5 మిల్లీమీటర్లు, తలలో లెక్కించినపుడు 2.3 మాత్రమే. అంతే తేటదనమున కిరణములు ఒకటిన్నర రెట్లకు పైగా దొరకును. పైన చెప్పిన వింత ఇచ్చట మారినది గమనింపుడు: రంధ్రములు సమాంతరము కానపుడు, వస్తువు ఆ గీతకు దగ్గరైనకొలది కిరణములును పెరుగును. దీనికి దోషము లేకపోలేదు. గీతకు మరీ దగ్గరనున్న భాగము చిత్రపు అంచు దాటిపోయినచో, గణనయంత్రము తప్పు లెక్కకట్టి లేని వెలుగును చూపవచ్చును.

మూడవది యాంగర్ మొదట వాడిన సూదిబెజ్జమే, క్రొత్త వేషమున. ఒక్క బెజ్జమైనచో దాటు కిరణములు మిక్కిలి తక్కువ. అనేక బెజ్జములు పెట్టి, వస్తువును వానికి దగ్గరగా నుంచినచో ఆ కొరత తీరును. నెదర్లాండ్సులో ఫ్రేక్ బేక్మన్ మొదలగువారు ఎలుకల కొరకు ఇట్టి యంత్రము చేసి, అర మిల్లీమీటరు వస్తువును చూడగలిగిరి. ఎలుక చిన్నది, బెజ్జములు దగ్గరగా నుంచవచ్చును. మనుష్యుని తల అట్లు కాదు. ఐనను తలను గిన్నెవలె కమ్ముకొనునట్లు అనేక బెజ్జములను, అనేక చిన్న స్ఫటికములను అమర్చు ప్రయత్నములు సాగుచున్నవి. అమెరికాలోని అరిజోనా, మసాచుసెట్సు విశ్వవిద్యాలయములవారు చేపట్టిన యంత్రమున బెజ్జములకు చిన్న తలుపులు కూడ ఉండి, రోగిని బట్టి కొన్ని తెరచి కొన్ని మూయుటకు వీలగును. తలుపు లెందుకనగా, రెండు బెజ్జముల బొమ్మలు ఒకదానిమీద ఒకటి పడినచో ఏ కిరణము ఎవరిదో తేల్చుట కష్టము.

ఈ ఒకదానిమీద ఒకటి పడు బొమ్మల విద్య ఆకాశ శాస్త్రమున ముందే కలదు. ఎక్సురే కిరణములకును ఇదే కష్టము గనుక, నక్షత్రములను చూచువారు కూడ జల్లెడలనే ఆశ్రయించిరి. మన హైదరాబాదులో ఈసీఐఎల్ ప్రాంతమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రము 1969 నుండి ఉన్నది. అచ్చటినుండి ఎగిరిన బెలూనులు జల్లెడ తొడిగిన ఎక్సురే సాధనములను మేఘములకు పైకి మోసినవి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి వెడలిన ఆస్ట్రోసాట్ ఉపగ్రహమున ఒక సాధనమునకు తేనెపట్టు తరహా కొలిమేటరును, మరియొక దానికి లెక్క ప్రకారము రంధ్రములు పొడిచిన రేకును అమర్చిరి. ఆ రేకు నీడను చూచి నక్షత్ర మెచ్చట నున్నదో లెక్కకట్టుదురు. మెదడునకు ఆ రేకు విధానము అంతగా కుదరలేదు. చీకటి ఆకాశమున నక్షత్రము ఒంటరి చుక్క; మెదడో, అంతయు వెలుగుచుండును.

గోడల సంగతి క్లుప్తముగా చెప్పెదము. టెక్నీషియము కిరణమును సగము చేయుటకు 0.3 మిల్లీమీటర్ల సీసము చాలును. ఏటవాలుగా వచ్చునది ఒక్క గోడనే గాక పెక్కు గోడలను దాటవలెను గనుక సన్నని గోడయైనను పనిచేయును. అయొడిను-131 కిరణమునకు దాదాపు పదిరెట్లు కావలెను. గోడలు లావైనకొలది చిత్రము మోటుబారును. అయొడిను-123 మంచిదే గాని, నూటికి ఒకటి రెండు బలమైన కిరణములు గోడలను చీల్చుకొని వచ్చి బొమ్మపై పలుచని తెర కప్పును. అందుకే దానికి వేరే పలక. సన్నని సీసపు రేకులను ముడుతలుపెట్టి అతికించియో, పోతపోసియో పలకలు చేయుదురు. రేకు ఒకచోట నొక్కుకుపోయినచో ఆ మచ్చ ప్రతి చిత్రములోను కనబడును. ఈ మధ్య టంగ్‌స్టన్ పొడిని లేసరుతో కరగించి పొరపొరగా కట్టు పద్ధతి వచ్చినందున, పూర్వము చేయుటకు వీలులేని వంకర రంధ్రములు కూడ సాధ్యమగుచున్నవి.

పలక మబ్బు ఎంత దూరమున ఎంతయో ముందే తెలియును గనుక, ఆ లెక్కను గణనయంత్రమునకు చెప్పి కొంత మబ్బును వెనుకకు తీసివేయుటయు నేడు కలదు. పలక రానీయని కిరణమును మాత్రము గణనయంత్రము తేలేదు. పెట్ అను పరీక్షలో ఎదురెదురు దిశలలో జంటకిరణములు వచ్చును గనుక సీసపు జల్లెడయే అక్కరలేదు. చిత్రము తేటగా నుండును. కాని దాని మందులలో పెక్కింటికి సమీపమున సైక్లోట్రాను కావలెను, వ్యయమును హెచ్చు. చిన్న పట్టణపు రోగికి టెక్నీషియపు "ఆవు" చేరినంత సులభముగా అది చేరదు.

పరీక్షకు వెళ్లు కుటుంబములకు రెండు మాటలు. రోగి పుచ్చుకొను మందుల పట్టికను ముందుగానే చూపవలెను. కొన్ని మందులు నరముల కొనలను ఆక్రమించి కామాను మసకచేయును. పండుకొన్నపుడు భుజములను వీలైనంత క్రిందికి జార్చి, తలను పట్టీలో కదలక యుంచవలెను. వృద్ధులకు మెడక్రింద మెత్త సరిగా లేనిచో మొదటనే చెప్పవలెను గాని, నడుమ సర్దుకొనరాదు.

పదవ తరగతివారికి ఒక లెక్క. పైన చెప్పిన పలకలో రంధ్రపు వెడల్పును, గోడను అట్లే యుంచి పొడవును 24 నుండి 36 మిల్లీమీటర్లకు పెంచితిమి. 12 సెంటీమీటర్ల దూరమున మచ్చ యెంత? పలక దాటు కిరణములు పొడవు వర్గమునకు విలోమముగా మారుననుకొన్నచో, మునుపటిలో ఎన్నవ వంతు మిగులును? ముందు 20 నిమిషములలో దొరకిన కిరణములు మరల దొరకుటకు రోగి ఎన్ని నిమిషములు పండుకొనవలెను? జవాబులను నాంపల్లి నుమాయిష్ ముగియులోపల విజ్ఞానశాస్త్ర గదిలో మాకు చూపవలెను. మూడవ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు ముందు, గడియారము పెట్టుకొని అన్ని నిమిషములు బల్లమీద తల కదల్పక పండుకొని చూడవలెను.